మొదటి సింథసైజర్ కొనేముందు: విశాఖ నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

చాలా ఏళ్ల కిందట మా ఊళ్లోనే ఒక సంగీత వాయిద్యాల షాపుకి వెళ్లి "సింథసైజర్ కావాలండీ" అన్నాను. ఆయన సంతోషంగా ఐదారొందల టోన్లున్న కీబోర్డు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఒక బటన్ నొక్కితే తబలా, ఇంకోటి నొక్కితే తంబూరా, మూడోది నొక్కితే మొత్తం పెళ్లి బ్యాండే దిగిపోయింది. నేనూ మురిసిపోయి సిటీ బస్సులో ఒళ్లో పెట్టుకుని మద్దిలపాలెం దాకా మోసుకొచ్చాను. నెల తిరిగేసరికి అర్థమైంది. అందులో ఉన్న శబ్దాలు వాయించగలను గానీ, నాకు కావలసిన శబ్దం తయారు చేసుకోలేను. ఆయన అబద్ధం చెప్పలేదు. ఏం అడగాలో నాకే తెలియలేదు.

ఎలక్ట్రానిక్ సంగీతం చేద్దామని ఉండి, మొదటి మెషీన్ కోసం డబ్బు కూడబెడుతున్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఎక్కువ శబ్దాలున్నది కొనకండి. ఒక్క శబ్దాన్నైనా లోపలికంటా విప్పి చూపించేది కొనండి. అది ఎలా గుర్తుపట్టాలో, మన ఊళ్లో ఉండి ఎలా తెప్పించుకోవాలో, ఈ ఉప్పుగాలిలో ఎలా కాపాడుకోవాలో వరసగా చూద్దాం.

మొదటి అడుగు: ఏది సింథ్, ఏది కాదు

మన దగ్గర "కీబోర్డు" అన్న ఒక్క మాట కింద నాలుగైదు రకాల వస్తువులు తిరుగుతున్నాయి. యమహా పీఎస్ఆర్-ఐ500 లాంటివి అరేంజర్ కీబోర్డులు. ఎడమ చేత్తో కార్డ్ (కలిపి నొక్కే మూడు నాలుగు స్వరాలు) పట్టుకుంటే డ్రమ్స్, బేస్ అన్నీ అవే వాయించేస్తాయి. పాట నేర్చుకోవడానికి, ఇంట్లో పాడుకోవడానికి భేషైనవి. చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో కనిపించే రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 కంపెనీ లెక్క ప్రకారం సింథసైజరే. కానీ దాని అసలు పని ముందే రికార్డు చేసిపెట్టిన వాయిద్యాల శబ్దాలను స్టేజీ మీద నమ్మకంగా పలికించడం. ఇక మిడి (ఏ స్వరం నొక్కారో మెషీన్లు ఒకదానికొకటి చెప్పుకునే భాష) కంట్రోలర్ అని ఇంకోటుంది. చూడ్డానికి బుల్లి కీబోర్డే, దానంతట దానికి నోరు లేదు. కంప్యూటర్‌కో ఫోన్‌కో తగిలిస్తేనే మోగుతుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని కంట్రోలర్ తెప్పించుకుని, "స్పీకర్ పనిచేయట్లేదు" అని వాపసు పంపినవాళ్లు నాకు తెలుసు.

సింథ్ అంటే శబ్దాన్ని అక్కడికక్కడ పుట్టించి, చెక్కి ఇచ్చేది. షాపులో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష చాలు. ఎడమ చేత్తో ఒక్క స్వరం నొక్కి పట్టుకోండి. కుడి చేత్తో "కటాఫ్" అని రాసి ఉన్న నాబ్ తిప్పండి. శబ్దం మూసుకుపోతూ, తెరుచుకుంటూ ఉంటే మీరు సరైన వస్తువు ముందే నిలబడ్డారు. అలాంటి నాబ్ లేదనో, మెనూలో ఎక్కడో ఉందనో అంటే నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి.

రెండో అడుగు: ఒక నెల, పైసా ఖర్చు లేకుండా

ఈ అడుగు దాటేయాలని అందరికీ ఉంటుంది. దాటేయకండి. ఈ నెలలోనే మీకు నిజంగా ఏం కావాలో బయటపడుతుంది.

ల్యాప్‌టాప్ ఉంటే వైటల్, సర్జ్ ఎక్స్‌టీ అనే సాఫ్ట్‌వేర్ సింథ్‌లు ఉచితంగా దొరుకుతాయి. వైటల్‌కి డబ్బు కట్టే రకాలూ ఉన్నాయి, ఉచితమైనదే సరిపోతుంది. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా మొదలుపెట్టాలంటే ఏబుల్టన్ కంపెనీ వాళ్ల "లెర్నింగ్ సింథ్స్" పాఠాలు బ్రౌజర్‌లోనే నడుస్తాయి. నాకు తెలిసి మొదటిసారి నేర్చుకునేవాళ్లకు అంతకన్నా తేలికైనది లేదు. వినడానికి వైరున్న ఇయర్‌ఫోన్స్ వాడండి. బ్లూటూత్ వద్దు. నొక్కిన క్షణానికీ వినిపించే క్షణానికీ మధ్య తేడా వచ్చి, తప్పు మీ చేతిదే అనుకుంటారు.

ఈ నెలలో తెలుసుకోవలసినవి నాలుగే.

మొదటిది ఆసిలేటర్. శబ్దం పుట్టేచోటు అదే. అది రకరకాల ఆకారాల్లో అలలను పుట్టిస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ కొన్నప్పుడు షాపువాడు "ప్యూర్ సైన్ వేవ్ తీసుకోండి సార్, స్క్వేర్ వేవ్ అయితే ఫ్యాన్ గీపెడుతుంది" అనే ఉంటాడు. అచ్చంగా ఆ సైన్, ఆ స్క్వేర్‌లే ఇక్కడా. సైన్ అంటే ఒక్కటే పౌనఃపున్యం, నున్నటి ఈల లాంటిది. స్క్వేర్‌లో అసలు స్వరంతో పాటు దానికి మూడు, ఐదు, ఏడు రెట్ల స్వరాలు కూడా కలిసి ఉంటాయి. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ చేసే గోల ఆ అదనపు స్వరాలదే. సంగీతంలో మాత్రం అది క్లారినెట్‌లా బోలుగా, ఇంపుగా ఉంటుంది. రంపపు పళ్లలా ఉండే "సా" అలలో అన్ని రెట్ల స్వరాలూ ఉంటాయి కాబట్టి బాగా గరుకుగా, కమాను రాసిన వయొలిన్ వైపు మొగ్గుతుంది.

రెండోది ఫిల్టర్. దీన్ని నేను వినాయక చవితి రాత్రుల్లో అర్థం చేసుకున్నాను. నాలుగు వీధుల అవతల పందిట్లో పాటలు పెడితే మన ఇంట్లోకి దడ్ దడ్ అని బేస్ ఒక్కటే వస్తుంది. నడుచుకుంటూ దగ్గరికి వెళ్లేకొద్దీ గొంతు, ఆ తర్వాత తాళాలు, చివరికి చెవులు పగిలేలా అన్నీ తెరుచుకుంటాయి. లో-పాస్ ఫిల్టర్ కటాఫ్‌ని కింది నుంచి పైకి తిప్పడమంటే ఆ నడకే. పక్కనే "రెజొనెన్స్" అనే నాబ్ ఉంటుంది. ఖాళీ బిందెలో మూతి పెట్టి "ఊ" అని శ్రుతి పెంచుకుంటూ పోతే ఒకచోట బిందె కూడా మోగుతుంది కదా, ఆ మోగడాన్ని పెంచేదే రెజొనెన్స్.

మూడోది ఎన్వలప్. శబ్దం ఎలా మొదలై, ఎలా నిలిచి, ఎలా ఆరిపోవాలో ఇది చెబుతుంది. దీనికి నాలుగు నాబ్‌లుంటాయి: అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్. వీణ తీగ మీటితే శబ్దం వెంటనే లేస్తుంది, మెల్లగా సన్నగిల్లుతుంది. అంటే అటాక్ సున్నా, డికే ఎక్కువ, సస్టెయిన్ సున్నా. వేణువు ఊదితే కొంచెం ఆలస్యంగా లేచి, ఊపిరి ఉన్నంతసేపూ నిలుస్తుంది. అటాక్ కొంచెం పెంచి, సస్టెయిన్ నిండుగా పెట్టడమన్నమాట. అలవాటైతే ఊళ్లో ఏ శబ్దం విన్నా ఈ నాలుగు సంఖ్యల్లోకి అదే మారిపోతూ ఉంటుంది. కుక్కర్ విజిల్‌తో మొదలుపెట్టండి.

నాలుగోది ఎల్ఎఫ్ఓ. ఇది చెవికి వినిపించనంత నిదానంగా ఊగే అల. తను మోగదు, ఇంకొక నాబ్‌ని పట్టుకుని మీ బదులు తిప్పుతూ ఉంటుంది.

నెలాఖరుకి ఒక హోంవర్క్. ఆర్‌కే బీచ్ శబ్దం తయారు చేయండి. ఆసిలేటర్ బదులు "నాయిస్" తీసుకోండి, పాత టీవీలో చానల్ రానప్పటి బుస్ అనే శబ్దం. దాన్ని లో-పాస్ ఫిల్టర్ గుండా పంపి, కటాఫ్‌ని ఎల్ఎఫ్ఓకి అప్పగించి, దాని వేగం 0.1 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. పది సెకన్లకు ఒక అల వస్తుంది. ఆ సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్లి గోడ మీద కూర్చుని కళ్లు మూసుకోండి. సముద్రం అంత క్రమంగా రాదని వెంటనే తెలుస్తుంది. ఒక అల ముందే విరుగుతుంది, రెండు కలిసి వస్తాయి, వెనక్కి పోయే నీళ్ల సిర్రుమనే చప్పుడు వేరే ఉంటుంది. ఇంటికొచ్చి వేరే వేగంతో రెండో ఎల్ఎఫ్ఓ కలపండి. ఇది చేస్తున్నంతసేపూ టైమ్ తెలియకపోతే మీరు సింథ్ కొనవలసిన మనిషే. విసుగు పుడితే అదీ మంచిదే, మీకు శబ్దం చెక్కడం కన్నా వాయించడం ఇష్టమన్నమాట. మంచి అరేంజరో డిజిటల్ పియానోనో తీసుకోండి, డబ్బు దండగ కాదు.

మూడో అడుగు: మీ సంగీతానికి ఎన్ని గొంతులు కావాలి

సింథ్‌లలో "వాయిస్" అంటే ఒకేసారి పలకగల స్వరాల సంఖ్య. మోనో సింథ్‌లో ఒక్కటే. పాలీ సింథ్‌లో నాలుగు, ఆరు, ఎనిమిది. మధ్యలో పారాఫోనిక్ అని ఒకటుంది. స్వరాలు నాలుగు పలికినా వాటన్నిటికీ కలిపి ఒక్కటే ఫిల్టర్, ఉమ్మడి కుటుంబానికి ఒక్కటే బాత్రూమ్ ఉన్నట్టు.

కార్డ్‌లు, మబ్బుల్లా పరుచుకునే ప్యాడ్ సౌండ్లు కావాలంటే పాలీ తప్పదు. బేస్ లైన్లు, లీడ్ మెలొడీలు, టెక్నో అయితే మోనో చాలు, పైగా అదే బరువుగా మోగుతుంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు మోనోని చిన్నచూపు చూడొద్దు. మన సంగీతం ఒక్క గొంతుదే. మోనో సింథ్‌లో "గ్లైడ్" నాబ్ పెంచితే స్వరం నుంచి స్వరానికి జారుతుంది. దానికి పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ వంచే చక్రం) తోడైతే గమకాలకు కొంతవరకు దగ్గరగా వెళ్లవచ్చు. కొంతవరకే. తోడిలో గాంధారాన్ని ప్లాస్టిక్ చక్రం మీద పలికించడానికి నేను పడ్డ పాట్లు ఇక్కడ రాయను. శ్రుతి స్థానాలు కూడా మార్చుకోవాలనుకునేవాళ్లు మైక్రోట్యూనింగ్ ఉన్నది చూసుకోవాలి. కోర్గ్ మోనోలాగ్‌లో అది ఉంది.

"ఫలానా సంగీతానికి ఫలానా మెషీనే" అని ఎవరైనా గట్టిగా చెబితే ఈ కథ చెప్పండి. రోలాండ్ టీబీ-303 అనే వెండిరంగు పెట్టెను 1980ల మొదట్లో బేస్ గిటార్ వాయించేవాడు లేని లోటు తీర్చడానికి తయారు చేశారు. అది బేస్ గిటార్‌లా మోగలేదు, అమ్మకాలూ లేవు, 1984 నాటికి ఆపేశారు. 1982లోనే బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా సంగీతకారుడు దాన్ని, టీఆర్-808 డ్రమ్ మెషీన్‌ని, జూపిటర్-8 సింథ్‌ని కలిపి హిందుస్తానీ రాగాలు రికార్డు చేశారు. కొన్నేళ్ల తర్వాత షికాగో కుర్రాళ్లు పాత సామాన్ల షాపుల్లో అదే పెట్టెను చవగ్గా కొని యాసిడ్ హౌస్ అనే సంగీతాన్నే పుట్టించారు. మన దేశానికి సింథ్ రావడం అంతకన్నా పాత ముచ్చట. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్ పెట్టారు.

నాలుగో అడుగు: నాబ్‌లు లెక్కపెట్టండి

1970లో వచ్చిన మినీమూగ్ ముందు కూర్చుంటే శబ్దం ఎడమ నుంచి కుడికి ఎలా ప్రయాణిస్తుందో ప్యానెల్ మీదే కనిపిస్తుంది. ముందు ఆసిలేటర్లు, తర్వాత మిక్సర్, తర్వాత ఫిల్టర్. ప్రతి పనికీ ఒక నాబ్. 1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతి (ఒక అలతో ఇంకో అలను ఊపి కొత్త శబ్దం పుట్టించడం), 16 గొంతులు, ఆ రోజులకు అద్భుతం. కానీ నాబ్‌లు తీసేసి వరసగా నొక్కుడు బటన్లు, మార్పులు చేయడానికి ఒక్క స్లైడర్ పెట్టారు. ఏ మార్పు చేయాలన్నా చిన్న తెరలో వెతుక్కోవాలి. ఫలితంగా చాలామంది కంపెనీ ఇచ్చిన శబ్దాలనే వాడుకున్నారు. 1980ల పాటల్లో ఒకే ఎలక్ట్రిక్ పియానో పదేపదే వినిపించడానికి అదీ ఒక కారణం.

మొదటి సింథ్‌గా మినీమూగ్ దారిలో నడిచినది తీసుకోండి. ఎఫ్ఎం మీద మోజుంటే డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అచ్చం డీఎక్స్7లా పనిచేస్తుంది, దానితో ముచ్చట తీర్చుకోవచ్చు.

మెమరీ సంగతి కూడా చూడాలి. కొన్ని మెషీన్లు మీరు చేసిన శబ్దాన్ని దాచుకోవు. కోర్గ్ వోల్కా కీస్‌లో మీరు వాయించిన వరస దాచుకోవచ్చు గానీ నాబ్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో అది గుర్తుపెట్టుకోదు. ఫోన్‌లో ఫొటో తీసుకోవడమే. ఇది లోపమని చాలామంది అంటారు. నాకైతే మొదటి ఆరు నెలలకు వరమే అనిపించింది, ప్రతి రాత్రీ మళ్లీ మొదటి నుంచి శబ్దం కట్టుకోవలసి రావడం వల్లే చేతికి పని వచ్చింది. స్టేజీ ఎక్కే ఆలోచన ఉంటే మాత్రం మెమరీ తప్పనిసరి.

మిగతావి క్లుప్తంగా. సీక్వెన్సర్ (స్వరాల వరసను దాచుకుని తనే తిరిగి వాయించేది) ఉంటే రెండు చేతులూ నాబ్‌ల మీద పెట్టుకోవచ్చు కాబట్టి ఉండటమే మంచిది. పియానో చేయి ఉన్నవాళ్లకు చిన్న కీలు చిరాకు, మిగతావాళ్లకు పర్లేదు. యూఎస్‌బీ ద్వారా మిడి ఉంటే కంప్యూటర్‌తో కలపడం సుఖం. కొన్నిటిలో మిడి 3.5 మిల్లీమీటర్ల జాక్‌లో వస్తుంది, వాటిలో ఎ, బి అని రెండు రకాల వైరింగులున్నాయి, కేబుల్ కొనేముందు మాన్యువల్ చూడండి.

ఐదో అడుగు: బడ్జెట్, దానికి తగ్గ పేర్లు

ఇవన్నీ దిగుమతి వస్తువులు. డాలర్, కస్టమ్స్, జీఎస్టీ అన్నీ కలిసి ధర నెల నెలా ఊగుతుంది కాబట్టి కచ్చితమైన అంకెలు రాయడం లేదు. మూడు మెట్లుగా చెబుతాను.

కింది మెట్టులో అరచేతి సింథ్‌లున్నాయి. కోర్గ్ వోల్కా వరస 2013లో మొదలైంది. కీస్, బేస్, బీట్స్ అని వేర్వేరు పెట్టెలు, ఆరు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తాయి, లోపలే బుల్లి స్పీకర్ ఉంటుంది. కరెంటు పోయిన రాత్రి డాబా మీద చాప వేసుకుని వాయించుకోవచ్చు. వోల్కా కీస్‌కి మూడు గొంతులు, నాబ్‌లన్నీ కళ్ల ముందే. రోలాండ్ ఎస్-1 దానికన్నా కొత్తది, 1982 నాటి ఎస్‌హెచ్-101ని అనుకరిస్తుంది, నాలుగు గొంతులు, ఫోన్‌లా చార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ. బుల్లి పెట్టెలో చాలా పనులు కుక్కారు, రెండు బటన్లు కలిపి నొక్కే కిటుకులు ఎక్కువ. చేతిలో ఉన్నది ఈ మెట్టు డబ్బే అయితే నా ఓటు వోల్కా కీస్‌కి.

ఈ మెట్టులోనే ఇంకో దారి ఉంది. అకాయ్ ఎంపీకే మినీ లాంటి కంట్రోలర్ కొని, రెండో అడుగులో వాడిన ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే కొనసాగడం. డబ్బు పరంగా ఇదే తెలివైన పని. పగలంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, రాత్రి మళ్లీ ల్యాప్‌టాప్ తెరవాలంటే మీకు ఎలా ఉంటుందో చూసుకోండి. నాకు ఒళ్లు మండుతుంది. అందుకే పెట్టెలు కొన్నాను.

మధ్య మెట్టులో ఆర్చూరియా మైక్రోఫ్రీక్ ఉంది. 2019లో వచ్చింది, డిజిటల్ ఆసిలేటర్లు, అనలాగ్ (అంకెల లెక్కతో కాక నేరుగా కరెంటు సర్క్యూట్‌తో పనిచేసే) ఫిల్టర్, పారాఫోనిక్‌గా నాలుగు స్వరాలు. వింత శబ్దాల గని. దాని కీలు కదలవు, రాగి గీతల మీద వేలు తాకితే మోగే పలక అది. వేలు ఎంత మేర తాకిందో కూడా పసిగడుతుంది. మే నెలలో ఫ్యాన్ కింద చెమట వేళ్లతో వాయించి చూస్తే ఆ తెలివి అంత హాయిగా అనిపించదు, పక్కన రుమాలు పెట్టుకోండి. కోర్గ్ మోనోలాగ్ కూడా ఈ చుట్టుపక్కలే సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతూ ఉంటుంది, మోనో చాలనుకున్నవాళ్లు వదలొద్దు. యమహా రీఫేస్ సీఎస్‌లో ఎనిమిది గొంతులు, స్పీకర్లు అన్నీ లోపలే. పిల్లలున్న ఇంటికి అదే మంచిది.

పై మెట్టులో నాకు నచ్చినది కోర్గ్ మినీలాగ్. 2016లో వచ్చిన నాలుగు గొంతుల అనలాగ్ సింథ్, 37 కీలు, 200 శబ్దాలు దాచుకునే మెమరీ. దాని మీద బుల్లి తెర ఉంటుంది. మీరు నాబ్ తిప్పుతుంటే అల ఆకారం అందులో మారుతూ కనిపిస్తుంది. సా, స్క్వేర్ అని చదువుకున్నది కంటితో చూస్తూ చెవితో వింటే పదిసార్లు చదివిన దానికన్నా బాగా దిగుతుంది. ఒక్కటే కొనగలను, పదేళ్లు దాంతోనే ఉంటాను అనేవాళ్లకు మినీలాగ్, లేదా ఎఫెక్ట్స్ ఇంకా ఎక్కువున్న దాని తమ్ముడు మినీలాగ్ ఎక్స్‌డీ.

డ్రమ్స్‌తో సహా మొత్తం పాట ఒకే పెట్టెలో కట్టాలంటే నొవేషన్ సర్క్యూట్ ట్రాక్స్ లాంటి గ్రూవ్‌బాక్స్ చూడండి. పాట త్వరగా తయారవుతుంది. సింథసిస్ మాత్రం అంత లోతుగా నేర్పదు.

బడ్జెట్ మొత్తం మెషీన్ మీదే పెట్టకండి. కేబుళ్లు, హెడ్‌ఫోన్స్, రికార్డింగ్‌కి చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (సింథ్ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె), వీటికి కనీసం నాలుగోవంతు పక్కన పెట్టండి. ఇంటర్‌ఫేస్ మొదటి రోజే అక్కర్లేదు. ఇంట్లో హోమ్ థియేటర్ ఉంటే ఆక్స్‌లో గుచ్చి నడిపించేయండి.

ఆరో అడుగు: విశాఖకి ఎలా తెప్పించుకోవాలి

డాబాగార్డెన్స్, ద్వారకానగర్ వైపు తిరిగితే గిటార్లు, అరేంజర్లు, ఆక్టోప్యాడ్‌లు బోలెడు. పైన చెప్పిన సింథ్‌లు బల్ల మీద దొరకడం అదృష్టం. అయినా వెళ్లి అడగండి, కొందరు ఆర్డర్ మీద తెప్పిస్తారు, ఏదైనా తేడా వస్తే తిరిగి వెళ్లడానికి మనిషి ఉంటాడు. కొనేముందు చేత్తో ముట్టుకుని చూడాలంటే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ ఒక రాత్రి ప్రయాణమే. స్టాక్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి, మోడల్ పేరు చెప్పి కనుక్కోండి. "సింథసైజర్లు ఉన్నాయా" అని మాత్రం అడగకండి, నా కథ మళ్లీ మొదలవుతుంది.

ఆన్‌లైన్‌లో కొంటే అమ్మేవాడు ఇచ్చేది భారతదేశంలో చెల్లే కంపెనీ వారంటీయా, లేక వాడి సొంత హామీయా అని రాతపూర్వకంగా తేల్చుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు సీల్ తెంచే దగ్గర్నుంచి ఆన్ అయ్యేదాకా ఒకే వీడియో తీయండి. అట్టపెట్టె, లోపలి ఫోమ్ పారేయకండి. రిపేరుకి వేరే ఊరికి పంపవలసి వస్తే అవే రక్ష. నాకు ఒకసారి పంపిన మెషీన్ రెండు కీలు విరిగి తిరిగొచ్చింది. కొరియర్ వాళ్లు ప్యాకింగ్ సరిగా లేదని చేతులు దులుపుకున్నారు. ఆ ఫోమ్‌ని మా ఇంట్లో అంతకు ముందే బొమ్మల కొలువు మెట్లకి వాడేశారు.

ఇక మన జిల్లాల్లో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు కదా. "అన్నయ్య సంక్రాంతికి వస్తున్నాడు, తెచ్చేస్తాడు" అనే దారి ఉంది. ధర కలిసొచ్చేమాట నిజమే, కానీ అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందని ఆశపడకండి. ముఖ్యంగా అడాప్టర్ చూడండి. మన దగ్గర 230 వోల్టులు, అమెరికాలో 120, జపాన్‌లో 100. అడాప్టర్ మీద "100-240" అని ఉంటే ప్లగ్ మారిస్తే చాలు. "120" అని ఒక్కటే ఉంటే నేరుగా గుచ్చగానే పొగ వస్తుంది. ఇక్కడే వేరే అడాప్టర్ కొనాలంటే వోల్టు ఒక్కటే కలిస్తే సరిపోదు, ప్లస్ ఎటు, మైనస్ ఎటు అన్నది కూడా కలవాలి. గిటార్ పెడళ్ల 9 వోల్టుల అడాప్టర్లలో మామూలుగా మధ్య పిన్ను మైనస్. వోల్కాకి మధ్య పిన్ను ప్లస్. మెషీన్ వెనకాల చిన్న గుండ్రాల బొమ్మ ఉంటుంది, భూతద్దం పెట్టైనా చూడండి.

సెకండ్ హ్యాండ్ అయితే హెడ్‌ఫోన్స్ పట్టుకుని వెళ్లి పావుగంట కూర్చోండి. ప్రతి కీ నొక్కండి. ఒక స్వరం నొక్కిపట్టి ప్రతి నాబ్‌నీ చివరి నుంచి చివరికి తిప్పండి, గరగరమంటే లోపల తుప్పో దుమ్మో ఉన్నట్టు. కొంచెం గరగర పెద్ద జబ్బు కాదు, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది, ధర తగ్గించడానికి పనికొస్తుంది. జాక్ గుచ్చి మెల్లగా కదపండి, శబ్దం తెగిపోతే టంకం వదిలినట్టు. బ్యాటరీ అర తెరిచి చూడండి. స్ప్రింగుల మీద పచ్చటి, తెల్లటి పొడి ఉంటే బ్యాటరీ కారింది, వదిలేయండి. అనలాగ్ అయితే ఆన్ చేయగానే శ్రుతి చూడొద్దు, పది నిమిషాలు వేడెక్కనిచ్చి చూడండి.

ఏడో అడుగు: ఉప్పుగాలి, ఉక్కపోత

లాసన్స్ బే లోనో, పెదవాల్తేరులోనో ఉండేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కిటికీ ఊచలు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఎన్నాళ్లకు తుప్పు పట్టాయో వాళ్లకు తెలుసు. సింథ్ జాక్‌లూ, స్క్రూలూ కూడా లోహమే. సముద్రం వైపు కిటికీ పక్కన పెట్టొద్దు. వాడనప్పుడు గుడ్డ కవర్ కప్పండి. ప్లాస్టిక్ కవర్ చెమ్మని లోపలే బంధిస్తుంది. ఎక్కువ రోజులు పెట్టెలో పెట్టేటట్టయితే సిలికా జెల్ పొట్లాలు వేసి, బ్యాటరీలు తీసేయండి. వారానికోసారైనా అన్ని నాబ్‌లూ ఒకసారి తిప్పడం వల్ల లోపలి కాంటాక్టులు శుభ్రపడతాయి. వాటిని కదల్చకుండా ఉంచడమే వాటికి చేటు.

కరెంటు సంగతి. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది అయితే దాని బుర్రుమనే శబ్దం స్పీకర్లలోకి రావచ్చు. ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉండి యూఎస్‌బీ కూడా కలిపినప్పుడు కీచుమంటే అది మెషీన్ లోపం కాదు, ఎర్త్ లూప్. చార్జర్ పీకి చూడండి, ఆగిపోతుంది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం అన్ని ప్లగ్గులూ పీకేసి, మెషీన్‌ని కిటికీలకు దూరంగా అల్మారాలో ఎత్తులో పెట్టండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌ని చూసినవాళ్లు ఈ మాటకి నవ్వరు.

ఎనిమిదో అడుగు: ఇంటికొచ్చాక మొదటి పది రోజులు

వాపసు గడువు ఎన్ని రోజులో బిల్లు మీద చూసి, ఆ లోపల ప్రతి జాక్, ప్రతి బటన్, ప్రతి పోర్ట్ ఒకసారైనా వాడండి. కంపెనీ శబ్దాలు ఒక్క సాయంత్రం విని పక్కన పెట్టండి. రెండో రోజు నుంచి "ఇనిట్" అనే ఖాళీ శబ్దంతో మొదలుపెట్టండి. అది లేని మెషీన్‌లో ఫిల్టర్ పూర్తిగా తెరిచి, సస్టెయిన్ నిండుగా పెట్టి, వాల్యూమ్‌నీ ఒక ఆసిలేటర్‌నీ ఉంచి, మిగతా నాబ్‌లు సున్నాకి తెచ్చుకోండి.

మొదటి పనిగా నేను ఎవరికైనా శ్రుతి పెట్టె కట్టమని చెబుతాను. రెండు ఆసిలేటర్లుంటే ఒకదాన్ని సి షార్ప్‌లో, అంటే ఒకటిన్నర శ్రుతి షడ్జమంలో పెట్టండి, రెండోదాన్ని దాని పంచమానికి, జీ షార్ప్‌కి ఎత్తండి. రెండూ సా అలలే. పంచమాన్ని వెంట్రుకవాసి తప్పించండి, రెండూ కలిసి మెల్లగా ఊపిరి తీసుకున్నట్టు ఊగుతాయి. కటాఫ్ సగం కిందికి, రెజొనెన్స్ కొంచెం పైకి, కటాఫ్ మీద నిదానమైన ఎల్ఎఫ్ఓ. తంబూరాలో జీవ పలికే ఛాయ ఏదో దొరుకుతుంది. అచ్చంగా రాదు, రానక్కర్లేదు. దాన్ని ఫోన్‌లో ఐదు నిమిషాలు రికార్డు చేసుకుని, మర్నాడు దాని మీద మోహనం ఐదు స్వరాలతో సీక్వెన్సర్‌లో ఒక వరస వేయండి. సీక్వెన్సర్‌లో పదహారు గడులుంటాయి, ఐదు స్వరాలు అందులో సమంగా సర్దుకోవు, ప్రతి తిరుగుడులోనూ ఒక గడి మిగిలిపోతుంది. ఆ మిగిలిన గడిని ఖాళీగా వదిలి ఒకసారి, షడ్జమంతో నింపి ఇంకోసారి, వరస పొడవునే పదిహేనుకి కుదించి మరోసారి విని చూడండి.

రాత్రి పదిన్నర దాటితే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మా పక్కింటి మావయ్యగారు రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు గుమ్మంలో నిలబడి "ఏం బాబూ, మీ ఇన్వర్టర్ పాడైనట్టుంది, రాత్రంతా ఒకటే మోత, మెకానిక్‌ని పంపమంటావా?" అని అడిగారు.